పది పొయ్యిల పెద్ద

నన్ను డీన్‌ను చేశారని తెలిసిన రోజు మా ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు సంతోషంగా రెండు మాటలన్నారా? లేదు. అందరికీ ఒకటే అనుమానం. డీన్ అంటే ఏమి?

పుంగనూరులో దాణా అంగడి పెట్టుకున్న మా తమ్ముడు కుమారస్వామి ఫోనులో మొట్టమొదట అడిగిన మాట, "అది ప్రిన్సిపాలుకు పైనా, కిందా అక్కా?" అని. పక్కనుంచి వాడి భార్య సరళ అందుకుని, "కారిస్తారా వదినా?" అంది. కారు లేదు, జీతంలో పెద్ద తేడా లేదు, పని మాత్రం రెండింతలని చెప్పాను. "అయితే యాల ఒప్పుకున్యావు?" అన్నాడు మా వాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా కుప్పం యూనివర్సిటీలో పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నదాన్ని, వీడికి సంజాయిషీ ఇచ్చుకోవాలా? "నువ్వు పోయి చెనక్కాయ చెక్క అమ్ముకోపో" అని ఫోను పెట్టేశాను.

సరిగ్గా అడిగినవాడు మా నాయన ఒక్కడే.

మా నాయన హనుమంతప్పకు డెబ్భై ఎనిమిదేళ్ళు. కురబలకోట దగ్గర మా ఊరు. నలభై ఏళ్ళు గొర్రెల వెంట తిరిగిన మనిషి. కాళ్ళు సహకరించక గొర్రెలు అమ్మేశాడు. మూడేళ్ళ కిందట మా అమ్మ చెంగమ్మ పోయింది. అప్పటినుంచి పుంగనూరులో తమ్ముడి దగ్గరే ఉంటున్నాడు. సుగరు ఉంది, దానికి మాత్రలున్నాయి, ఆ మాత్రలు టైముకు వేయించే సరళ ఉంది. ఆ ఆదివారం నేను పుంగనూరు పోతే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ మాట యాడిదమ్మా? మనదా, ఇంగ్లీషోళ్ళదా?" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆర్డరు చేతికొచ్చిన రోజు నేనూ డిక్షనరీ తీసి చూసుకున్నాను. అన్నేళ్ళు ఆ మాట నోట్లో ఆడుతున్నా, అది ఎక్కడిదో ఏనాడూ ఆలోచించలేదు.

"ఇంగ్లీషువాళ్ళది కూడా కాదు నాయనా. రోము వాళ్ళది. వాళ్ళ భాషలో 'పది' అనే మాట నుంచి పుట్టింది. వాళ్ళ సైన్యంలో పదిమంది సిపాయిలకు ఒక పెద్ద ఉండేవాడంట. ఆ పేరునే తర్వాత మఠాలవాళ్ళు తీసుకున్నారు. మఠంలో పదిమంది సన్యాసులకు ఒక పెద్ద, వాళ్ళ మంచీ చెడ్డా చూసుకోవడం ఆయన పని. అక్కడినుంచి పెద్ద పెద్ద చర్చిలకు పోయింది, చర్చిల నుంచి కాలేజీలకు వచ్చింది. వచ్చేసరికి పది పోయింది, పెద్ద మిగిలింది."

నాయన నోట్లో వక్క నమలడం ఆపేశాడు.

"పదిమందికి పెద్దా?"

"ఊఁ."

"ఓయమ్మ! మందలో నేను సేసింది అదే గదమ్మా!"

ఆ ముఖంలో అంత వెలుగు అమ్మ పోయాక నేను చూడలేదు. కోతలైనాక మాతోపాటు మా ఊరి నుంచి ఇంకో పది ఇళ్ళవాళ్ళు గొర్రెలన్నీ ఒకటి చేసి, గుర్రంకొండ మీదుగా కలకడ దాకా మేపుకుంటూ పోయేవాళ్ళు. రాత్రిళ్ళు రైతుల మళ్ళలో మంద నిలిపేవాళ్ళు. ఆ పది ఇళ్ళకూ మా నాయన పెద్ద. నేను సెలవుల్లో మాత్రమే వెంట పోయేదాన్ని కాబట్టి నాకు గుర్తున్నది కొంచెమే. పొద్దు గుంకగానే పది చోట్ల మూడేసి రాళ్ళు పెట్టి పొయ్యిలు ముట్టించేవాళ్ళు. నాయన భుజాన కంబళి వేసుకుని ఒక్కొక్క పొయ్యి దగ్గరికీ పోయి నిలబడి, "సంగటి అయిందా? పిల్లోళ్ళు తిన్న్యారా?" అని అడిగేవాడు. ఎవరి కుండలోనైనా తక్కువైతే పక్క పొయ్యి నుంచి ఇప్పించేవాడు. పదీ తిరిగి వచ్చాకే మా పొయ్యి దగ్గర కూర్చుని తినేవాడు. నాకేమో ఆకలి, అమ్మేమో నాయన రానీ అనేది. అది నాకు బాగా గుర్తు.

"మరి నీ పదిమంది ఎవురమ్మా?" అన్నాడు నాయన.

నా కింద ఉన్న శాఖల హెడ్ల పేర్లన్నీ చెప్పాను. నాయన వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టాడు. "తొమ్మిదే ఉండారే. పదో మనిషి?"

శాఖలు తొమ్మిదే మరి, నేనేం చేయను? ఆయన ముడవని వేలు అట్లా పట్టుకుని కూర్చుంటే వదిలించుకోవడానికి, "మా ఆఫీసు అటెండరున్నాడులే, అంకయ్యని" అన్నాను.

"ఆఁ, సరే. పది" అని ఆ వేలు కూడా ముడిచాడు.

అదే నేను చేసిన పొరపాటు. ఏదో ఊరికే పుస్తకంలో చూసిన ముచ్చట చెబితే, ఆయన దాన్ని ఉద్యోగం ఆర్డరులా పట్టుకున్నాడు. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం నేను ఫోను చేస్తే ఒకటే ప్రశ్న. "పదిమందీ తిన్న్యారా?"

ప్రొఫెసర్లు తిన్నారో లేదో నాకెట్లా తెలుస్తుంది? ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకుంటారు, ఎవరి గదిలో వాళ్ళు తింటారు. మా మధ్య ఉన్నదల్లా ఒక వాట్సాప్ గ్రూపు. నేను పొద్దున నోటీసు పెడతాను, వాళ్ళు బొటనవేలు బొమ్మ పెడతారు. అయినా, "తిన్నారు నాయనా" అనేదాన్ని. ఆయన అంతటితో ఊరుకుంటాడా! "అందరూ బాగుండారా? ఎవురికేమి కష్టం?" అనేవాడు. ఏమీ లేదంటే నమ్మడు. పదిమందిలో ఒకరికైనా ఏదో ఒకటి లేకుండా ఎట్లుంటుందమ్మా అంటాడు. విసుగొచ్చి ఒకరోజు, ఫిజిక్సు హెడ్ ముద్దుకృష్ణకు మోకాలు నొప్పి అని ఒకటి కల్పించి పారేశాను. ఇంకో రోజు, స్టాటిస్టిక్స్ నవనీత ఇంట్లో నీళ్ళు రావడం లేదన్నాను. పాపం ఆయన అవన్నీ మనసులో పెట్టుకునేవాడు. పది రోజులాగి, "ఆయప్పకు మోకాలు ఎట్లుండాది?" అంటే, "ఏ మోకాలు?" అని నాలుక కరుచుకున్నాను.

మధ్యమధ్య, ఊరికే అబద్ధం ఎందుకులే అని, ఫైళ్ళలోంచి తల ఎత్తకుండానే, "అంకయ్యా, తిన్నావా?" అని కేకేసేదాన్ని. బయట వరండాలోంచి, "తిన్న్యా మేడం" అని జవాబొచ్చేది. పదిమందిలో కనీసం ఒకరి సంగతి నిజమే చెబుతున్నాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఫోను చివర్లో నాయన, "సరే గానీ అమ్మా, నువ్వూ..." అని ఇంకేదో అనబోయేవాడు. "అందరూ తిన్నారు నాయనా, అందరూ బాగున్నారు, నాకు పనుంది" అని పెట్టేసేదాన్ని. పని ఉండేది కూడా. పదవి వచ్చాక సాయంత్రం ఏడున్నర, ఎనిమిది దాకా ఆఫీసులోనే ఉండేదాన్ని. మా ఆయన ఉద్యోగం బెంగుళూరులో, శనివారం రైలుకు వస్తాడు. ఇంటికి తొందరగా పోయి మాత్రం నేను చేసేదేముంది?

ఇట్లా ఐదు నెలలు గడిచింది. ఒక మంగళవారం టైంటేబులు మీటింగులో ఇద్దరు హెడ్లు ఒక హాలు కోసం కొట్టుకుచచ్చారు. వాళ్ళ పంచాయితీ తెగేసరికి ఎనిమిది దాటింది. ఫోను చూస్తే తమ్ముడివి ఆరు మిస్డ్ కాల్స్.

"నాయన పడిపోయినాడు అక్కా. వళ్ళంతా సెమట. సుగరు బాగా తగ్గిపోయిందంట. మదనపల్లెకు తీసకపోతాండాం."

పొద్దున మొదటి బస్సు పట్టుకుని, పలమనేరు దగ్గర మారి, పుంగనూరు దాటి, మదనపల్లెలో దిగేదాకా దారిలో ఏమేం మొక్కుకున్నానో నాకే తెలియదు. ఆసుపత్రి వరండాలో సరళ కూర్చుని ఉంది. రాత్రంతా నిద్ర లేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూడగానే లేచింది.

"బాగుండాడు వదినా, భయం లేదన్న్యారు. కానీ నీకొక మాట చెప్పాల. నాతో ఒట్టు పెట్టించుకున్యాడు చెప్పొద్దని, అయినా చెప్తాండా. ఇంక నావల్ల కాదు."

"ఏమి సరళా?"

"ఏడింటికి మాత్ర ఇస్తాను. మింగుతాడు. మింగినంక అరగంటలో తినాల గదా. తినడు. తట్టలో పెట్టిస్తే మూతేసి పక్కన పెట్టుకుంటాడు. 'హేమ ఫోను రానీమ్మా' అంటాడు. నువ్వు ఏడున్నరకు చేస్తే ఏడున్నర, ఎనిమిదికి చేస్తే ఎనిమిది. ఐదు నెల్లుగా ఇదే వరస. నిన్న నీ ఫోనే రాకపాయె."

కెమిస్ట్రీలో డాక్టరేటు ఉంది, ఖాళీ కడుపులో ఆ మాత్ర ఏం చేస్తుందో నాకు తెలియదా? అయినా ఆయన తిన్నాడో లేదో అడగకుండా రోజూ నా తీరిక చూసుకుని ఫోను చేస్తూ వచ్చాను.

లోపలికి పోతే మంచం మీద చిన్నగా కనబడ్డాడు నాయన. చేతికి గ్లూకోజు సూది. నన్ను చూసి నవ్వాడు. అంతే, నాకు కోపం ఆగలేదు. నాకు కోపం వస్తే దాని వెంటే ఏడుపు కూడా వస్తుంది, అదొక దరిద్రం.

"నీకు బుద్ధి ఉందా నాయనా? నేనేమి గొర్రెలు కాస్తున్నానా? వాళ్ళంతా లక్షల జీతాలవాళ్ళు. వాళ్ళు తిన్నారో లేదో నేనెవరినీ అడగలేదు. ఒక్కరోజు కూడా అడగలేదు. మోకాలు నొప్పి అబద్ధం, నీళ్ళు రాకపోవడం అబద్ధం. నా అబద్ధాలు వినడానికి నువ్వు ఆకలితో కూర్చున్నావా?"

పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ.

"తెలుసులేమ్మా" అన్నాడు నాయన, ఏమీ జరగనట్టు.

"ఏం తెలుసు?"

"ఆ మోకాలాయప్పకు ఒగసారి కుడికాలన్న్యావు, ఇంగోసారి ఎడమకాలన్న్యావు."

ఏడుస్తున్నదాన్ని నవ్వాను. ఆయనా నవ్వాడు. సూది లేని చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"నిన్ను అనేదానికి నాకేం నోరుండాదమ్మా. నేనూ ఒగసారి అట్లే చేసినా. గుర్రంకొండ కింద మంద దించినాం. ఆ పొద్దు వాన. నా కాల్లో ముల్లు ఇరిగింది. తొమ్మిది పొయ్యిలు తిరిగినా. పదోది సిద్దమ్మది, దూరంగా గట్టవతల ఉండాది. మొగుడు కలకడకు పోయినాడు, ఆయమ్మ ఒగతే ఉండాది, ఏడో నెల. ఎవురు పోతారులే ఇంత వానలో అని మన పొయ్యి కాడ నిలబడే కేకేసినా. 'సిద్దమ్మా, తిన్న్యావామ్మా?' అని. 'తిన్న్యాన్నా' అనింది. సరేలే అని నేను కూసోని తిన్న్యాను."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"తినలేదమ్మా. రెండు దినాలుగా పిండి లేదు. అడిగేదానికి మొగమాటం. తెల్లారి గొర్రెలెనక నడస్తా నడస్తా పడిపోయింది. బిడ్డ దక్కలేదు."

ఆయన నలభై ఏళ్ళలో ఈ మాట మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మకు తెలిసే ఉంటుంది.

"కేకేస్తే ఎవురైనా తిన్న్యామనే అంటారమ్మా. పొయ్యి కాడికి పోయి నిలబడితేనే తెలిసేది. ఆ పొద్దు నుంచి నేను మళ్ళా కేకెయ్యలేదు."

నేను కళ్ళు తుడుచుకున్నాను. "సరే నాయనా. నేను తిరుగుతాను. పదిమంది దగ్గరికీ పోతాను. ఏడులోపల తిరిగేసి నీకు ఫోను చేస్తాను. చేసినా చేయకపోయినా నువ్వు ఏడున్నరకల్లా తినాల. ఒట్టెయ్."

"నువ్వు చేస్తావుగా" అన్నాడు. ఒట్టు మాత్రం వేయలేదు. నాకంటే మొండి.

మూడు రోజులకు ఆయన్ను పుంగనూరు చేర్చి, శుక్రవారం నేను కుప్పం వచ్చాను. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు ఫైళ్ళు మూసి బయలుదేరాను. డీన్ వస్తోందంటే ఇన్‌స్పెక్షన్ అనుకున్నారు. బాటనీలో ఒకాయన గబగబా రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాడు. "రిజిస్టరు వద్దండీ, భోంచేశారా?" అంటే నన్ను ఎగాదిగా చూశాడు. నవనీత నవ్వి, డబ్బాలో మిగిలిన చిత్రాన్నం పెట్టింది. ముద్దుకృష్ణ గదికి పోయి ఆయన కాళ్ళ వంకే చూస్తూ, "మీ మోకాలు ఎట్లుంది?" అన్నాను.

"నా మోకాలికేమి మేడం?" అన్నాడు బెదురుగా.

"ఏమీ లేకపోతే మంచిదే. మరి మీకేం కష్టం లేదా?"

ఆయన కాసేపు టేబుల్ మీది పెన్ను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నాడు. చిత్తూరులో ఉన్న వాళ్ళమ్మ రెండు నెలలుగా తనను గుర్తుపట్టడం లేదని చెప్పాడు. ఆ రెండు నెలలూ గ్రూపులో నా ప్రతి నోటీసు కిందా బొటనవేలు బొమ్మ పెడుతూనే ఉన్నాడు.

తొమ్మిదిమందినీ తిరిగి ఆఫీసుకు వచ్చేసరికి ఐదున్నర. పదో మనిషి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఐదేళ్ళ మనిషి అంకయ్య, నన్ను చూసి దిగ్గున లేచాడు. కూర్చోమని నేనూ పక్క మెట్టు మీద కూర్చున్నాను. ఆయనకు అది అస్సలు నచ్చలేదు.

"తిన్నావా అంకయ్యా?"

"తిన్న్యా మేడం."

అదే జవాబు, అదే గొంతు. కానీ ఈసారి నేను దగ్గర ఉన్నాను. ఆయన పక్కన స్టీలు డబ్బా ఉంది. ఎత్తి చూశాను. నిండుగా ఉంది.

"ఇదేమి మరి?"

ఆయన తల దించుకున్నాడు. కొంచెం కొంచెంగా లాగితే బయటికి వచ్చింది. ఆయన ఊరు రామకుప్పం వైపు. మధ్యాహ్నం అందరికీ టీలు, ఫైళ్ళు మోసేసరికి తిండికి టైముండదు. సాయంత్రం నేను లేస్తే గది తాళం వేసి అప్పుడు తింటాడు. ఆరున్నరకు ఆయన ఊరి చివరి బస్సు. నేను ఏడున్నర దాకా కూర్చుంటే బస్సు పోయినట్టే.

"బస్సు పోతే యాడ పండుకుంటావు?"

"ఈడనే మేడం. బెంచీ ఉండాది గదా. తెల్లారి మొదటి బస్సుకు ఇంటికి పొయ్యి డబ్బా తెచ్చుకుంటా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీరు డీన్ అయినప్పటినుంచి."

తప్పు పట్టినట్టు అనలేదు. తారీఖు చెప్పినట్టు చెప్పాడు. ఐదు నెలలు నా తలుపు బయట ఒక మనిషి ఆకలితో కూర్చుంటే, నేను లోపలినుంచి కేకేసి, జవాబు విని, దాన్నే నిజమని మా నాయనకు ఒప్పజెప్పాను. నాకు సిగ్గేసింది. "తాళాలు ఇటివ్వు" అన్నాను. రేపటినుంచి ఆరుకల్లా గది మూతపడుతుందని చెప్పాను. ఆయన డబ్బా చంకన పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. గేటు దగ్గర ఒకసారి తిరిగి చూశాడు, నేను మనసు మార్చుకుంటానేమోనని.

ఇంటికి వచ్చి, ఏడుకు ఐదు నిమిషాలుందనగా ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"పదిమంది దగ్గరికీ పోయినాను నాయనా."

"పోయినావా, కేకేసినావా?"

"పోయినాను."

ముద్దుకృష్ణ అమ్మ సంగతి చెప్పాను. అంకయ్య సంగతి కూడా దాచకుండా చెప్పాను. తిడతాడనుకున్నాను.

"ఇప్పుడు యాడుండాడు?"

"బస్సెక్కినాడు. ఇంట్లో తింటాడు."

"మంచిపని చేసినావు." సరళ తట్ట పెట్టిన చప్పుడు వినబడింది. హమ్మయ్య, ఇక పెట్టేయొచ్చనుకుని, అలవాటు కొద్దీ, "సరే నాయనా, నువ్వు తిను, ఉంటాను" అన్నాను.

"ఉండమ్మా. రోజూ ఆడికే పెట్టేస్తావు నువ్వు. నన్ను అడగనీయవు."

"ఏం అడగాల?"

"నువ్వు తిన్న్యావా?"

నేను వంటింటి వైపు చూశాను.

"పది పొయ్యిలు తిరిగొచ్చినంక మీయమ్మ నన్ను అడిగేది, 'నువ్వు తింటావా' అని. పదిమందినీ పెద్ద అడుగుతాడు. పెద్దను ఎవురడుగుతారు? ఆయమ్మ ఒగతే అడిగేది. నీకు ఆడ ఎవురుండారు? ఈ మాట అడిగి తిందామనే గదమ్మా నేను కూసునేది."

ఐదు నెలలు. ఐదు నెలలు ఆయన నోట్లో ఉన్న ఆ ఒక్క మాటను నేను రోజూ మధ్యలోనే తుంచేశాను. పొద్దున రెండు ఇడ్లీలు, నవనీత పెట్టిన నాలుగు మెతుకుల చిత్రాన్నం తప్ప ఆరోజు నా కడుపులో ఏమీ లేదు.

"లేదు నాయనా" అన్నాను. "ఇంకా తినలేదు."

"అయితే పోయి తట్ట పెట్టుకో. నేను ఫోను పట్టుకోనుంటా."

ఫోను స్పీకరులో పెట్టి వంటింట్లోకి పోయాను. పొద్దున సరళ కట్టిచ్చిన అన్నం, పప్పు ఉన్నాయి. వేడి చేసుకుని తట్ట తెచ్చుకుని ఫోను ముందు నేల మీద కూర్చున్నాను.

"పెట్టుకున్న్యావా? తిను."

"నువ్వు ముందు."

"పెద్దోడు కడాన తినాల. ముందు నువ్వే."

"ఇప్పుడు పెద్ద ఎవరు? డీన్ నేనా, నువ్వా?"

అవతల నవ్వాడు నాయన. ఆ వెనకే ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్న చప్పుడు వినబడింది. అప్పుడు నేను కలుపుకున్నాను.